సరిహద్దు దాకా విమానం, అక్కడి నుంచి బస్సు

పాఠకుల సందేహాలు: ప్రయాణాలు

ఈ సంచికకు బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం, గుణుపురం నుంచి దక్షిణ అమెరికా ప్రయాణాల మీద ప్రశ్నలు వచ్చాయి. పిల్లలు చదువులకీ ఉద్యోగాలకీ అంత దూరం వెళ్తున్నారు, వెనకాలే పెద్దవాళ్లూ బయల్దేరుతున్నారు. అక్కడ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తక్కువ ఖర్చులో ఎలా వెళ్లాలన్నదే అందరి సందేహం. ఛార్జీలు రోజుకో రకంగా ఉంటాయి కాబట్టి ధరల పట్టీ ఇవ్వడం లేదు. డబ్బు ఎక్కడ పోతుందో, ఎక్కడ మిగుల్తుందో చెబుతున్నాం.

*

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఎం.ఎస్. చదువుతున్నాడు. సెలవుల్లో పెరూ, చిలీ చూస్తానంటున్నాడు. లిమా నుంచి సాంటియాగోకి విమానం టికెట్టు చాలా ఎక్కువ చూపిస్తోందట. బస్సులో వెళ్తే చవగ్గా అవుతుందా? వీసాల సంగతేమిటి?
(పర్లాకిమిడి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: లిమా నుంచి సాంటియాగోకి రోడ్డు మీద 3,300 కిలోమీటర్ల పైమాటే. బస్సులో రెండు పగళ్లూ రెండు రాత్రులూ దాటిపోతాయి. దారిలో తిండి ఖర్చు, దిగాక ఒళ్లు నొప్పులకి ఒక రోజు విశ్రాంతి, ఆ రోజు గది అద్దె కలుపుకుంటే మిగిలేది ఏమంత ఉండదు. ఈ దూరానికి మొత్తం బస్సు మేము సిఫారసు చేయం.

అక్కడ బాగా తిరిగినవాళ్లు చేసేది వేరు. దేశం దాటే విమానం ఎక్కకుండా, ఈ దేశంలో సరిహద్దు ఊరి దాకా ఒక విమానం, సరిహద్దు దాటడానికి కారో బస్సో, అవతలి దేశంలో మళ్లీ ఇంకో విమానం పట్టుకుంటారు. అంతర్జాతీయ టికెట్టు మీద విమానాశ్రయ పన్నులు ఎక్కువ పడతాయి. దేశం లోపలి రూట్లలో ఆ బరువు తక్కువ, పైగా లాటామ్ అనే పెద్ద విమాన సంస్థతో జెట్‌స్మార్ట్, స్కై లాంటి బడ్జెట్ సంస్థలు పోటీ పడుతుంటాయి. మీ ఊళ్లో వాళ్లకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. పాతపట్నం దాకా వెళ్లి అక్కడ శ్రీకాకుళం బస్సు పట్టుకోవడం లాంటిదే.

మీ అబ్బాయికి దారి ఇది. లిమా నుంచి తక్నాకి విమానం, రెండు గంటల లోపే. తక్నా నుంచి చిలీలోని అరికాకి రోడ్డు మీద 55 నుంచి 60 కిలోమీటర్లు. అరికా నుంచి సాంటియాగోకి విమానం, రెండున్నర గంటల పైన.

తక్నాలో దిగాక అంతర్జాతీయ బస్ స్టాండుకి వెళ్లాలి. బస్సులున్నాయి గానీ, 'కొలెక్తివో' అనే షేర్ కార్లు త్వరగా తీసుకెళ్తాయి. ఐదుగురు నిండగానే బయల్దేరతాయి. ఎక్కే ముందు స్టాండు రుసుము చీటీ విడిగా కొనాలి. దానికి చిల్లర నాణేలు జేబులో ఉంచుకోమనండి. డ్రైవరు పాస్‌పోర్టులు తీసుకుని ప్రయాణికుల పట్టీ రాస్తాడు. అది మామూలే, కంగారు పడక్కర్లేదు. కాని పాస్‌పోర్టు తిరిగి చేతికొచ్చాకే కారు ఎక్కాలి. పెరూ వైపు శాంతా రోసా దగ్గర దేశం విడిచినట్టు నమోదు చేయించుకోవాలి, చిలీ వైపు చకయూతా దగ్గర లోపలికి వచ్చినట్టు. ముద్ర కనపడకపోతే "కంప్యూటర్లో ఎక్కిందా?" అని అడిగి మరీ కదలాలి. చిలీ వాళ్లు చిన్న కాగితం చేతికిస్తే దాన్ని దేశం వదిలేదాకా పాస్‌పోర్టులోనే పెట్టుకోవాలి.

చాలామంది ఇక్కడే దెబ్బ తినేది గడియారం దగ్గర. పెరూ సమయం కంటే చిలీ సమయం కాలాన్ని బట్టి ఒక గంటో రెండు గంటలో ముందుంటుంది. తక్నాలో మధ్యాహ్నం పన్నెండు చూసుకుని బయల్దేరితే, అరికాలో అప్పటికే ఒకటో రెండో అయి ఉంటుంది. దానికి తోడు వారాంతాల్లో అరికా జనం పళ్లు చూపించుకోవడానికీ కళ్లజోళ్లకీ కొనుగోళ్లకీ తక్నా వస్తారు. శని, ఆదివారాల్లో వరస చాంతాడంత ఉంటుంది. అందుకని అరికా విమానం అదే రోజు సాయంత్రానికి కొనొద్దు. రాత్రి అరికాలో ఉండి మర్నాటి విమానం పట్టుకోవడమే క్షేమం. ఒక రాత్రి గది అద్దె పోయినా, విమానం తప్పిపోతే అయ్యే నష్టంతో పోలిస్తే అది ఏపాటిది?

ఇక వీసా. భారతీయుల దగ్గర కనీసం ఆరు నెలలు చెల్లే అమెరికా వీసా ఉంటే పెరూ, చిలీ తమ వీసా లేకుండానే రానిస్తున్నాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. అమెరికాలో చదివే పిల్లల్లో చాలామందికి పాస్‌పోర్టులోని వీసా ముద్ర గడువు అయిపోయి ఉంటుంది. చదువు కొనసాగుతున్నంత కాలం అమెరికాలో ఉండడానికి ఇబ్బంది లేదు గనక పట్టించుకోరు. గడువు తీరిన ముద్రతో ఈ సౌకర్యం వర్తించదు, అమెరికాకి తిరిగి వెళ్లడమూ కష్టమే. విద్యార్థి వీసాకి కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ప్రయాణం కోసం కాలేజీ వాళ్లు పెట్టే సంతకం ఏడాది లోపుదై ఉండాలి. టికెట్లు కొనే ముందు ఈ రెండు తేదీలూ చూసుకోమనండి. దిల్లీలోని ఆ రెండు రాయబార కార్యాలయాల వెబ్‌సైట్లలో తాజా నిబంధన కూడా చదివించండి.

*

ప్రశ్న: పనామా నుంచి కొలంబియాకి బస్సుందా?
(బరంపురం నుంచి ఒక విద్యార్థి)

జవాబు: లేదు. డేరియన్ అడవి దగ్గర రోడ్డే ఆగిపోతుంది. విమానమే ఎక్కాలి. అడవి దారిలో తీసుకెళ్తామనేవాళ్ల మాట అసలు వినొద్దు, ప్రాణాల మీదికి వచ్చే దారి అది.

*

ప్రశ్న: మా పెద్దమ్మాయీ అల్లుడూ సావో పావ్‌లోలో ఉంటారు. ఈ ఏడాది మమ్మల్ని రమ్మంటున్నారు. నాకు 66, మా ఆవిడకి 61. ఇగ్వాసు జలపాతం చూడాలని మా ఇద్దరికీ కోరిక. అల్లుడికి సెలవు దొరకదట, మేమిద్దరమే వెళ్లాలి. బస్సు మేలా, విమానం మేలా?
(బరంపురం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు)

జవాబు: మాస్టారూ, సావో పావ్‌లో నుంచి బ్రెజిల్ వైపు ఇగ్వాసు ఊరు ఫోజ్ దో ఇగ్వాసుకి 1,050 కిలోమీటర్లు. బస్సుకి 15 నుంచి 17 గంటలు, విమానానికి గంటా నలభై నిమిషాలు. మీ ఇద్దరి వయసు చూస్తే విమానమే మేలని మా అభిప్రాయం. గోల్, అజూల్, లాటామ్ మూడూ బ్రెజిల్ అంతా తిరుగుతాయి. ముందుగా కొంటే మంచి తరగతి బస్సుకీ విమానానికీ తేడా పెద్దగా ఉండదు. మీ అమ్మాయితో ఒక్క మాట చెప్పండి: సావో పావ్‌లో పేరు మీద మూడు విమానాశ్రయాలున్నాయి. కొంగోన్యాస్ ఊళ్లోనే ఉంది. గ్వారూల్యోస్ ఊరి శివారు. విరకోపోస్ మాత్రం కంపీనాస్ అనే వేరే ఊరిది, వంద కిలోమీటర్ల దగ్గర దగ్గర. టికెట్టు చవగ్గా కనిపించినప్పుడు అది విరకోపోస్‌దేమో చూడాలి. అక్కడికి వెళ్లే ఖర్చులో ఆ లాభం కాస్తా కరిగిపోవచ్చు.

బస్సే ఎక్కాలనుకుంటే 'లేయితో' లేదా 'లేయితో-కామా' తరగతి తీసుకోండి, కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. సావో పావ్‌లోలో పెద్ద బస్ స్టాండ్లు మూడు: తియెతే, బార్రా ఫుండా, జబక్వారా. ఏ స్టాండు నుంచి బయల్దేరుతుందో టికెట్టు మీద ఉంటుంది. ఊరు మహా పెద్దది, ఒక స్టాండుకి బదులు ఇంకోదానికి వెళ్తే బస్సు అందదు.

జలపాతం రెండు దేశాల మధ్య ఉంది. బ్రెజిల్ వైపు నుంచి మొత్తం దృశ్యం ఎదురుగా పరుచుకుని కనిపిస్తుంది, నడక తక్కువ, సగం రోజు చాలు. అర్జెంటీనా వైపు నీళ్ల పక్కనే, నీళ్ల మీదుగా వంతెనల మీద నడవొచ్చు. దానికి పూర్తి రోజు కావాలి, నడకా ఎక్కువే. బ్రెజిల్‌కి భారతీయులకి వీసా తప్పనిసరి, అమెరికా వీసా ఉన్నా అక్కడ పనికిరాదు. అర్జెంటీనాకీ వేరే వీసా కావాలి. అమెరికా వీసా ఉన్న భారతీయులకి మాత్రం 2025 ఆగస్టులో ఆ దేశం మినహాయింపు ప్రకటించింది. మీ దగ్గర అర్జెంటీనా వీసా గానీ అమెరికా వీసా గానీ లేకపోతే బ్రెజిల్ వైపు చూసి తృప్తి పడండి, తక్కువేమీ కాదు.

అర్జెంటీనా వైపు వెళ్లేట్టయితే బ్రెజిల్ వీసా మళ్లీ లోపలికి రానిచ్చే రకమో కాదో ముందే చూసుకోండి. దారిలో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. ఫోజ్ నుంచి అర్జెంటీనా వైపు ఊరు ప్వెర్తో ఇగ్వాసుకి తిరిగే సిటీ బస్సు బ్రెజిల్ తనిఖీ కేంద్రం దగ్గర ఆగుతుంది గానీ మీ కోసం వేచి ఉండదు. స్థానికులకి ముద్ర అక్కర్లేదు కాబట్టి వాళ్లు కదలకుండా కూర్చుంటారు. వాళ్లని చూసి మీరూ కూర్చుంటే దేశం విడిచిన ముద్ర పడదు. ఆ తర్వాత బ్రెజిల్ అధికారులు జరిమానా వేయవచ్చు. ఎక్కేటప్పుడే డ్రైవరుకి పాస్‌పోర్టు చూపించి దిగుతానని చెప్పండి. అతను ఒక చీటీ ఇస్తాడు. ముద్ర వేయించుకుని, అదే కంపెనీ తర్వాతి బస్సులో ఆ చీటీ చూపించి ఎక్కాలి. తర్వాతి బస్సు రావడానికి చాలాసేపు పట్టొచ్చు, మంచినీళ్ల సీసా, గొడుగు దగ్గరుంచుకోండి. పెద్దవాళ్లకి ఇదంతా శ్రమ అనిపిస్తే ఇద్దరూ కలిసి టాక్సీ మాట్లాడుకోండి. టాక్సీవాళ్లు రెండు వైపులా ఆగి ముద్రలు వేయించి తీసుకెళ్తారు.

అన్నిటికంటే ముందు చూడాల్సింది పసుపు జ్వరం టీకా. బ్రెజిల్ నుంచి వచ్చేవాళ్ల దగ్గర ఆ టీకా ధ్రువపత్రం లేకపోతే మన దేశంలో దిగగానే ఆరు రోజుల దాకా విడిగా ఉంచే అధికారం ఆరోగ్య శాఖకి ఉంది. పెరూ, బొలీవియా, కొలంబియా, అర్జెంటీనా నుంచి వచ్చినా ఇదే నియమం. టీకా వేసుకున్న పదో రోజు నుంచే పత్రం చెల్లుతుంది. ఒక్కసారి వేసుకుంటే జీవితాంతం సరిపోతుంది. మామూలు ఆసుపత్రుల్లో వేయరు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. మీకు దగ్గర్లో విశాఖపట్నం పోర్టు ఆరోగ్య సంస్థ, దూరమైనా ఫరవాలేదనుకుంటే హైదరాబాద్ నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ ఉన్నాయి. వారంలో కొన్ని రోజులే వేస్తారు గనక ముందు ఫోన్ చేసి, పాస్‌పోర్టు పట్టుకుని వెళ్లండి.

ఇది బతికున్న వైరస్‌తో చేసే టీకా. 60 దాటాక మొదటిసారి వేసుకునేవాళ్లకి దుష్ప్రభావాల ముప్పు కాస్త ఎక్కువ. గుడ్డు పడనివాళ్లకీ, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లకీ సరిపడదు. మీరిద్దరూ ఆ వయసు వాళ్లే కాబట్టి విమానం టికెట్టు కొనకముందే మీ డాక్టరుతో మాట్లాడండి, టీకా కేంద్రంలో డాక్టరుకి మీరు వాడే మందులన్నీ చూపించండి. ఈ ఒక్కటి తేలాకే మిగతావి.

*

ప్రశ్న: బస్సుల్లో సెమీ కామా, కామా, సలోన్ కామా అని ఏవేవో పేర్లున్నాయి. లిమా నుంచి కుస్కో వెళ్లడానికి ఏది తీసుకోవాలి? అంతసేపు కూర్చోగలమా?
(రాయగడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: పేర్లు దేశానికొక రకం, కంపెనీకొక రకం. సెమీ కామా అంటే సీటు 140 డిగ్రీల దాకా వాలుతుంది, కామా అంటే 160. కొన్ని బస్సుల్లో పూర్తిగా 180 డిగ్రీల పడక కూడా ఉంటుంది. పేరుని నమ్ముకోకుండా టికెట్టు కొనేటప్పుడు సీట్ల పటం చూడండి. వరసకి నాలుగు సీట్లుంటే అది సెమీ కామా, మూడే ఉంటే కామా. ఇది దాదాపు ఎక్కడైనా నిజం.

లిమా–కుస్కో 1,100 కిలోమీటర్లు, 20 నుంచి 22 గంటలు. నాస్కా దాటాక ఘాట్ రోడ్డు మొదలై 4,000 మీటర్ల పైకి ఎక్కుతుంది, అబన్కాయ్ మీదుగా మలుపు మీద మలుపు. మీ వైపు సాలూరు ఘాట్‌లో కడుపు తిప్పేవాళ్లకి ఇది చాలా కష్టం. అలాంటివాళ్లు రెండంతస్తుల బస్సులో కింది అంతస్తు, మధ్య సీట్లు తీసుకోవాలి, ఊపు తక్కువ. పైఅంతస్తులో ముందు వరస అద్దం నుంచి దృశ్యం బాగుంటుందని అందరూ ఎగబడతారు. అక్కడే ఊపు ఎక్కువ. టాయిలెట్ పక్క సీటు వద్దు. బస్సులో టాయిలెట్ మూత్రానికి మాత్రమే అని గుర్తుంచుకోండి. రాత్రి ఏసీ చలికి ఒక శాలువా, కాళ్లకి మేజోళ్లు సంచిలోనే ఉండాలి, డిక్కీలో వేసేస్తే దారిలో దొరకవు.

లిమాలో అన్ని కంపెనీలకీ కలిపి ఒక స్టాండు ఉందనుకోవద్దు. క్రూజ్ దెల్ సూర్, ఒల్తూర్సా లాంటి పెద్ద కంపెనీలకి సొంత స్టాండ్లున్నాయి. టికెట్టు మీది చిరునామా టాక్సీవాడికి చూపించాలి. ఎక్కేముందు పాస్‌పోర్టు చూస్తారు, కొందరు ప్రయాణికుల ముఖాలు వీడియో తీస్తారు. అది భద్రత కోసమే. సామాను ఇస్తే చీటీ ఇస్తారు, అది పోతే పెట్టె తిరిగి తీసుకోవడం పెద్ద గొడవ. పూనో, అరెకీపా లాంటి ఊళ్లలో స్టాండు రుసుము టికెట్టుకి అదనం.

ఇక ఎత్తు. కుస్కో 3,400 మీటర్ల ఎత్తున ఉంది. సముద్రమట్టం నుంచి విమానంలో గంటా ఇరవై నిమిషాల్లో అక్కడ దిగితే తలనొప్పి, ఆయాసం, వాంతులు చాలామందికి తప్పవు. బస్సులో వెళ్లినా ఒక్క రాత్రిలోనే ఎక్కేస్తాం కాబట్టి అంత తేడా ఉండదు. మాకు నచ్చిన దారి ముక్కలుగా వెళ్లడం: లిమా నుంచి రాత్రి బస్సులో అరెకీపా (15–17 గంటలు, ఎత్తు 2,300 మీటర్లు), అక్కడ రెండు రాత్రులు, ఆ తర్వాత పది గంటల బస్సులో కుస్కో. విమానంలోనే వెళ్తే దిగిన రోజే 2,800 మీటర్ల ఎత్తున్న ఒయాంతాయ్‌తాంబో వైపు దిగిపోయి, కుస్కో చివర్లో చూసుకోవచ్చు. మొదటి రోజు మెల్లగా నడవాలి, తిండి తక్కువ, నీళ్లు ఎక్కువ. గుండె, ఊపిరితిత్తుల జబ్బులుంటే డాక్టరుని అడక్కుండా బయల్దేరొద్దు. ఎత్తుకి వాడే మాత్రల గురించీ డాక్టరునే అడగండి.

*

ప్రశ్న: బడ్జెట్ విమానం టికెట్టు బస్సు కంటే తక్కువకి కొన్నాం. తీరా విమానాశ్రయంలో పెట్టెకి కట్టింది టికెట్టు కంటే ఎక్కువైంది. ఇలా కాకుండా ముందే ఎలా లెక్కేసుకోవాలి?
(జయపురం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మొదట కనిపించే ధరలో మీరూ, సీటు కింద పట్టే చిన్న సంచీ మాత్రమే ఉంటాయి. జెట్‌స్మార్ట్, స్కై, ఫ్లైబోందీ లాంటివాటిలో పైఅరలో పెట్టే చిన్న పెట్టెకీ, డిక్కీలోకి ఇచ్చే పెట్టెకీ విడివిడిగా కట్టాలి. ఆ ధర టికెట్టుతో పాటు కొంటే అన్నిటికంటే తక్కువ, తర్వాత వెబ్‌సైట్లో కలిపితే కొంచెం ఎక్కువ, కౌంటర్లో ఎక్కువ, గేటు దగ్గర మరీ ఎక్కువ. బోర్డింగ్ పాస్ ముందే ఫోన్లో తీసుకోకుండా కౌంటర్లో అడిగినా కొన్ని సంస్థలు రుసుము వేస్తాయి. సంచి కొలతలూ బరువూ ఇంట్లోనే టేపుతో, తూకంతో చూసుకోండి. సంచి ఉబ్బి ఉంటే గేటు దగ్గర చట్రంలో పట్టదు.

పోల్చేటప్పుడు ఒక కాగితం మీద రెండు వరసలు రాయండి. విమానం వైపు: టికెట్టు, పెట్టె, సీటు ఎంచుకుంటే దాని రుసుము, ఊళ్లోంచి విమానాశ్రయానికీ అక్కడి నుంచి ఊళ్లోకీ టాక్సీ. బస్సు వైపు: టికెట్టు, స్టాండు రుసుము, దారిలో తిండి. రాత్రి బస్సయితే మిగిలే గది అద్దె అందులోంచి తీసేయండి. బస్సులో 20 కిలోల పెట్టె సాధారణంగా ఛార్జీలోనే వస్తుంది. ఈ లెక్క వేస్తే ఆరు గంటల లోపు దూరానికి బస్సే గెలుస్తుంది. సావో పావ్‌లో–రియో అలాంటిది: 430 కిలోమీటర్లు, ఆరు గంటలు, రోజంతా బస్సులే. పన్నెండు గంటలు దాటితే, పెట్టె తేలిగ్గా ఉంటే, విమానం గెలుస్తుంది. కొలంబియాలో బొగొటా–మెడెయిన్ మాత్రం లెక్కకి అందదు. 420 కిలోమీటర్లే అయినా కొండ దారి కాబట్టి తొమ్మిది పది గంటలు పడుతుంది, విమానం గంట కూడా తీసుకోదు. దూరం చూడకండి, గంటలు చూడండి.

రెండు వేరు వేరు టికెట్లతో విమానాలు మారేట్టయితే మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే ఎవరూ బాధ్యత తీసుకోరు. బ్యూనస్ ఎయిర్స్‌లో ఇది ఎక్కువ జరుగుతుంది. దేశం లోపలి విమానాలు చాలావరకు ఊళ్లోని ఏరోపార్కే నుంచి, దూర దేశాలవి ఊరి బయట ఎసెయిసా నుంచి. ఒకచోటి నుంచి ఇంకోచోటికి ట్రాఫిక్‌ని బట్టి గంట నుంచి రెండు గంటలు. మధ్యలో ఒక రాత్రి ఉండేలా చూసుకోండి. అలాగే, ఛార్జీ నిబంధనల్లో ఆ దేశవాసులకి మాత్రమే అని ఉంటే ఆ టికెట్టు కొనొద్దు, విమానాశ్రయంలో తేడా కట్టిస్తారు.

*

ప్రశ్న: అక్కడి బస్సు వెబ్‌సైట్లలో మా కార్డు పని చేయడం లేదు. ఏం చేయాలి?
(గుణుపురం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: 2020 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం మన కార్డులు దేశం లోపలి వాడకానికే తెరిచి ఇస్తారు. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ ఆన్‌లైన్ చెల్లింపులు, స్వైప్, ఏటీఎం విడివిడిగా తెరిచి, పరిమితి పెట్టుకోవాలి. ఓటీపీ వచ్చే సిమ్‌కి రోమింగ్ ఇక్కడుండగానే వేయించండి, అక్కడికి వెళ్లాక కుదరకపోవచ్చు. బ్రెజిల్ సైట్లలో చాలావరకు 'సీపీఎఫ్' అనే స్థానిక పన్ను నంబరు అడుగుతాయి. అది లేనివాళ్లు పాస్‌పోర్టు నంబరు తీసుకునే సైట్లో గానీ, స్టాండులోని కౌంటర్లో గానీ కొనాలి. రూపాయల్లో కడతారా, వాళ్ల డబ్బుల్లోనా అని మెషిన్ అడిగితే వాళ్ల డబ్బులే ఎంచుకోండి. రూపాయలంటే మారకం రేటు దగ్గర నష్టం.

*

ప్రశ్న: రాత్రి బస్సుల్లో దొంగతనాలు ఎక్కువని విన్నాం. నిజమేనా?
(రాయగడ నుంచి ఇద్దరు స్నేహితులు)

జవాబు: జాగ్రత్త అవసరమే. దొంగతనాలు ఎక్కువగా జరిగేది సీటు పైఅరలో పెట్టిన సంచుల విషయంలో, సీటు కింద నేల మీద పెట్టిన వాటి విషయంలో. వెనక సీటు వాళ్లు కింది నుంచి లాగి, జిప్పు తీసి, మళ్లీ అలాగే పెట్టేస్తారు. దిగేదాకా తెలియదు. పాస్‌పోర్టు, డబ్బు, ఫోన్ ఒంటి మీదే ఉండాలి. చిన్న సంచి ఒళ్లో పెట్టుకుని, పట్టీ కాలికో చేతికో చుట్టుకుని పడుకోండి. స్టాండులో ఎవరైనా బట్టల మీద ఏదో పడిందని తుడవడానికి వస్తే ఆగకుండా నడిచిపోండి. ఒకడు తుడుస్తాడు, ఇంకొకడు సంచి ఎత్తుకుపోతాడు.

దారిలో ఎక్కడ పడితే అక్కడ జనాన్ని ఎక్కించుకునే బస్సు కాకుండా నేరుగా వెళ్లేది తీసుకోండి, కాస్త ఎక్కువైనా సరే. తెల్లవారకముందు ఊళ్లో దింపే బస్సు వద్దు. ఏడు దాటాక చేరేలా బయల్దేరే వేళ వెనక్కి లెక్కేసుకోండి. ఒకవేళ నాలుగింటికే దింపేస్తే వెలుగొచ్చేదాకా స్టాండు లోపలే కూర్చోండి.

*

ప్రశ్న: ఆవకాయ, కందిపొడి, చింతపండు తీసుకెళ్లవచ్చా? వచ్చేటప్పుడు పెరూ నుంచి కోకా ఆకుల టీ తెస్తే తప్పా?
(పర్లాకిమిడి నుంచి ఒక గృహిణి)

జవాబు: రెండో ప్రశ్నకి ముందు జవాబు: తేవద్దమ్మా. కోకా ఆకు మన 1985 మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది. పెరూ, బొలీవియాల్లో హోటల్లో కాచి ఇస్తే తాగండి, అంతే. టీ పొట్లం ఒక్కటైనా పెట్టెలో వేసుకుని రావద్దు.

పచ్చళ్ల విషయంలో చిలీ చాలా కచ్చితం. పండ్లు, గింజలు, తేనె, పాల సరుకులు, మాంసం ఏవి ఉన్నా ఫారంలో ఉన్నాయని రాయాలి. రాసి చూపిస్తే, కుదరనివి తీసి పారేస్తారు, అంతటితో సరి. రాయకుండా దొరికితే జరిమానా. సరిహద్దులో ప్రతి పెట్టెనీ యంత్రంలో వేస్తారు, కుక్కలు వాసన చూస్తాయి. బస్సులో ఇచ్చిన అరటిపండు సంచిలో మరిచిపోయినవాళ్లూ జరిమానా కట్టారు. మొలకెత్తే గింజల జోలికి పోకుండా ఆవాలు, ధనియాలు బదులు పొడులు తీసుకెళ్లండి. కంపెనీ సీలు, ముద్ర ఉన్న పొట్లాలు ఇంటి డబ్బాల కంటే తేలిగ్గా వదుల్తారు. ఆవకాయ నూనె కారకుండా రెండు కవర్లలో కట్టి లగేజీ పెట్టెలో వేయండి. చేతి సంచిలో అయితే విమానం దగ్గర ఆపేస్తారు. మాంసం తిననివాళ్లు బస్సులో ఇచ్చే భోజనం మీద ఆధారపడొద్దు, శాకాహారమని చెప్పినా కోడి ముక్కలు, పంది మాంసం పలకలు వస్తుంటాయి. రొట్టె, పల్లీలు దగ్గరుంచుకుని, చిలీ సరిహద్దు ముందే తినేయండి.

*

ప్రశ్న: జూలైలో అర్జెంటీనాలోని మెండోసా నుంచి సాంటియాగోకి బస్సులో, ఆ తర్వాత పెరూలోని పూనో నుంచి బొలీవియాలోని లా పాజ్‌కి వెళ్లాలనుకుంటున్నాం. దారులు మూసేస్తారని అంటున్నారు.
(బరంపురం నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి)

జవాబు: మెండోసా–సాంటియాగో 360 కిలోమీటర్లు. మామూలు రోజుల్లో ఏడెనిమిది గంటలు, అందులో సరిహద్దు తనిఖీకే రెండు మూడు గంటలు పోవచ్చు. అందమైన దారి, పగలే వెళ్లాలి. కాని దారిలో దాటే ఆండీస్ కొండల కనుమ దాదాపు 3,200 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా చలికాలం, మంచు పడితే దారి మూస్తారు, ఒక్కోసారి వరసగా కొన్ని రోజులు. బస్సు కంపెనీ టికెట్టు తేదీ మారుస్తుంది గానీ మీ గది అద్దె, తర్వాతి విమానం ఎవరూ ఇవ్వరు. జూలైలో వెళ్తే సాంటియాగోలో కనీసం రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి. అలా కుదరకపోతే ఆ ముక్క మాత్రం విమానంలో వెళ్లండి, గంట లోపే. జూలైలో పెరూ స్వాతంత్ర్య దినోత్సవం 28న, ఆ వారమంతా పెరూలో బస్సులు, విమానాలు నిండిపోతాయి, ఛార్జీలూ పెరుగుతాయి. ఆ తేదీలకి పెరూ టికెట్లు ముందే కొనండి.

పూనో నుంచి బొలీవియా సరిహద్దు ఊరు కొపకబానా మీదుగా లా పాజ్ ఏడెనిమిది గంటలు. సరిహద్దులో అందరూ దిగి రెండు కార్యాలయాలకీ నడిచి వెళ్లాలి, రెండు చోట్లా వరస ఉంటుంది. కొపకబానా దాటాక ఒక జలసంధి దగ్గర ప్రయాణికుల్ని పడవలో, బస్సుని బల్లకట్టు మీద విడిగా దాటిస్తారు. ఆ పడవకి చిల్లర డబ్బులు బొలీవియానోల్లో ఉండాలి, విలువైనవి బస్సులో వదలొద్దు. గడియారం ఒక గంట ముందుకి తిప్పుకోండి. బొలీవియా వీసా ఇక్కడి నుంచే తీసుకుని వెళ్తే సరిహద్దులో ఇబ్బంది ఉండదు.

బొలీవియాలో మంచు కంటే రాస్తా రోకోల బెడద ఎక్కువ. ఊళ్ల జనం, కార్మిక సంఘాలు రోడ్డుకి అడ్డంగా రాళ్లు పేర్చి రోజుల తరబడి కూర్చుంటారు. ఇంధనం కొరత ఉన్నప్పుడు బస్సులు మామూలు రోజుల్లోనే తగ్గిపోతాయి. కాబట్టి పూనో–లా పాజ్ బస్సు టికెట్టు వారాల ముందు కొనొద్దు. ముందు రోజు సాయంత్రం స్టాండుకి వెళ్లి, పొద్దున్న వచ్చిన బస్సు ఏ దారిలో వచ్చిందో అడిగి కొనండి. బొలీవియా రహదారుల సంస్థ ఏబీసీ తన వెబ్‌సైట్లో ఏ రోడ్డు తెరిచి ఉందో పటం పెడుతుంది, అదీ చూడండి. కొపకబానా దారి మూసేస్తే దెసగ్వాదేరో అనే ఇంకో సరిహద్దు ఊరి మీదుగా వెళ్లే బస్సు దొరకవచ్చు. కొందరు డ్రైవర్లు అడ్డంకి దగ్గర దింపేసి, అవతలి వైపు ఇంకో బస్సు ఉంటుంది, నడిచి వెళ్లండంటారు. 3,800 మీటర్ల ఎత్తున పెట్టెలు మోసుకుంటూ ఎంత దూరం నడవాలో తెలియకుండా ఒప్పుకోవద్దు. లా పాజ్ నుంచి తిరుగు విమానం ఉంటే, దానికి మూడు రోజుల ముందే ఆ ఊరు చేరేలా ప్రణాళిక వేసుకోండి. విమానాశ్రయం ఎల్ ఆల్తోలో ఉంది, 4,060 మీటర్ల ఎత్తున. ఊళ్లో అడ్డంకులు పడితే అక్కడికి వెళ్లే రోడ్డూ ఆగిపోతుంది. అలాంటి రోజుల్లో రోప్‌వే మీద ఎల్ ఆల్తో దాకా ఎక్కి, అక్కడి నుంచి టాక్సీ పట్టుకోవచ్చు.